మేకుకు మిగిలిపోయిన బిళ్ళ

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గించేవాళ్ళు. నన్ను తుంగభద్ర ఒడ్డున ఉన్న మా పెద్దమ్మ వాళ్ళ ఊరికి పంపేవాళ్ళు. మాది ఎమ్మిగనూరు, మగ్గం మీద బతికే ఇల్లు. వడగాడ్పులకు పోగులు ఊరికే తెగుతాయి, పని సగం పడిపోతుంది. అలాంటప్పుడు పిల్లను ఇంకో ఇంట్లో ఉంచితే అక్కడ నాలుగు నూలు కండెలు చుట్టిపెడుతుంది, ఇక్కడ ఒక ముద్ద సంగటి మిగులుతుంది. దాన్ని ఎవరూ కష్టం అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

మంత్రాలయం దాకా బస్సు. అక్కడి నుంచి ఏటి గట్టు వెంబడి ఎద్దులబండి దొరికితే బండి, లేకపోతే నడక. ఊరు దగ్గర పడుతున్నట్టు కాళ్ళే చెప్పేవి. నల్లరేగడి పోయి, అడుగు పెడితే పాదాలు తెల్లబడే నేల వచ్చేది. మా తాతల కాలంలో ఆ ఊళ్ళో బలపం రాయి తవ్వేవాళ్ళట. గోరుతో గీకినా గీత పడేంత మెత్తటి తెల్ల రాయి. బలపాలు కోసినంత కోసి, మిగిలింది పొడి కొట్టి, గుడ్డ సంచులకెత్తి బండ్ల మీద రైలుకు పంపేవాళ్ళు. ఆ సంచుల గుడ్డ నేయడానికే మా పెద్దమ్మ మామగారు ఆ ఊరు చేరుకున్నాడు. నేను పుట్టకముందే గనుల్లో నీళ్ళు ఊరి, నడిపిన కంపెనీ దొరలు ఎత్తేసి పోయారు. కూలీలూ, రెండు మగ్గాల ఇళ్ళూ మాత్రం పోలేక ఉండిపోయారు. నా చదువు మూడో తరగతితోనే ఆగింది గాని, బలపాలకు మాత్రం నాకెప్పుడూ కొదవ లేదు. ఆ ఊళ్ళో దారి పొడవునా దొరికేవి.

గనులు పోయినా గుంతలు పోలేదు. ఊరికీ ఏటికీ నడుమ రెండు పెద్ద గుంతలు, వాటి మధ్యలో ఒక మనిషి నడిచేంత గట్టు. నీళ్ళకు పోవాలన్నా, బట్టలు ఉతకాలన్నా ఆ గట్టే దారి. ఏరు ఎండినా ఆ గుంతల్లో నీళ్ళు ఎండేవి కావు. లోతు ఎంతో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. పైగా కడవ తొణికి ఆ తెల్ల పొడి తడిసిందంటే సబ్బు మీద కాలు పెట్టినట్టే.

అందుకని ఆ ఊరివాళ్ళు గని నాటి పద్ధతి ఒకటి వదలకుండా ఉంచుకున్నారు. గట్టు మొదట్లో ఒక పెద్ద చెక్క, దాని నిండా వరసగా మేకులు. పనివాళ్ళకు తలా ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాళ్ళట, దాని మీద నంబరు కొట్టి. గనిలోకి దిగే ముందు బిళ్ళ మేకుకు తగిలించాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. పొద్దుగూకే వేళకు ఒక్క బిళ్ళ మిగిలినా లోపల ఒక మనిషి మిగిలినట్టే. గని మూతపడ్డాక ఆ బిళ్ళలనే ఇంటింటికీ పంచుకుని, ఏటికి పోయేవాళ్ళు తగిలించి పోవడం, తిరిగి వచ్చి తీసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఆ ఊళ్ళో మనిషి మాటకన్నా బిళ్ళ మాటే నిజం.

ఆ చెక్కను చూసుకునే ముసలాయన ఒకడు ఉండేవాడు. అందరూ బిళ్ళల తాత అనేవాళ్ళు. కూలీల కొట్టాల వరసలో ఒంటరిగా ఉండేవాడు. గని దుమ్ము మింగిన రొమ్ము ఆయనది. ఆయన దగ్గు గట్టు వైపు నుంచి వినిపించిందంటే ఆడవాళ్ళు దీపాలు తుడుచుకునే వేళయిందనుకునేవాళ్ళు. రోజూ ఆ వేళకు కట్టె పోటేసుకుంటూ వచ్చి, మేకుల మీద చెయ్యి తడిమి, ఏమీ లేదని చూసుకుని పోయేవాడు. ఆయన వాడ వేరు, మా వీధి వేరు. మా పెద్దమ్మ ఆయనకు గంజి పోసినా ఎత్తి దూరం నుంచే పోసేది. ఆ రోజులు అలాంటివి. దాచి లాభం లేదు.

నేను పోయిన మొదటి రోజే పెద్దమ్మ నన్ను ఆయన దగ్గరికి పంపింది. విడిగా ఉన్న బిళ్ళల్లోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. నేను నంబరు పైకి చదివాను, నలభై రెండు అని.

"సదువు వచ్చునా నీకు?"

"మూడో తరగతి తాతా."

"అయితే నాకన్నా పెద్ద సదువే. సూడు పాపా, పోతే తగిలియ్యల్ల, వస్తే తియ్యల్ల. దీనికి మూడో తరగతి గూడా అక్కరల్యా."

వారం రోజులు సరిగానే చేశాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం తిరిగాక ఒకసారి నీళ్ళకు పోయే ఆడవాళ్ళ వెంట నేనూ చిన్న కడవ పట్టుకుని పోయేదాన్ని. ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో తోడుకోవాలి. నేను చుక్క కింద పడకుండా తోడుతుంటే వాళ్ళు నవ్వేవాళ్ళు. "ఎమ్మిగనూరు పాప నీళ్ళు గూడా పోగులు లెక్కబెట్టినట్ల ముంచుతాంది మే," అని ఒకామె అంటే, "దీన్ని కట్టుకునేటోనికి కూట్లోకి ఉప్పు గూడా కొలిచే యేస్తాది," అని ఇంకొకామె. నాకు కోపం రాలేదు. అది నన్ను మెచ్చుకోవడమే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

మగ్గాల ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. సాయంత్రం పని ఆపేముందు, మరునాడు పొద్దున కావలసిన కండెను, పోగుల నడుమ అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే లేస్తారు. తెల్లారి కూర్చోగానే చెయ్యి ఆడాలి, వెతుక్కోకూడదు. మా నాన్న ఆ పని నాకే అప్పగించేవాడు. రేపు ఎలాగూ చేయాల్సిన పనిని ఈరోజే సగం చేసిపెట్టడం తెలివి అని నాకు ఒంట పట్టింది.

ఆ తెలివే నా కొంప ముంచింది. ఒకరోజు మధ్యాహ్నం అందరికన్నా వెనక నేను గట్టెక్కాను. తలమీద కడవ, ఒక చెయ్యి కడవ మీద. ముందున్న ఆడవాళ్ళు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని పోయారు. నేను చెక్క దగ్గర నిలబడి ఆలోచించాను. ఇప్పుడు కడవ దించాలి, బిళ్ళ తీయాలి, మళ్ళీ కడవ ఎత్తుకోవాలి. రేపు పొద్దున మళ్ళీ వచ్చి ఇదే బిళ్ళ ఇదే మేకుకు తగిలించాలి. తీసి తగిలించడం ఎందుకు, ఉండనిస్తే పోలేదా? రేపటి పని ఈరోజే అయిపోయినట్టు. అలా అనుకుని, నా తెలివికి నేనే మురిసిపోయి, బిళ్ళను మేకుకే వదిలేసి వచ్చాను.

ఇంటికి పోయి, నిండి ఉన్న మిగతా కడవల పక్కనే నాదీ దించాను. పెద్దమ్మ అప్పుడు వెనకింట్లో గంజి కాస్తోంది, నేను వచ్చింది ఆమె చూడలేదు. నేనూ పిలవలేదు. ఊరి చివరనున్న రెండో మగ్గం ఇంటి అవ్వ, పది కండెలు చుట్టిస్తే దోసెడు బొరుగులు పెడతానని చెప్పి ఉంది. ఆ ధ్యాసలో నేరుగా అక్కడికి పరుగెత్తాను. ఆ అవ్వకు చెవుడు. ఇద్దరం మాటా మంతీ లేకుండా రాట్నం ముందు కూర్చున్నాం.

ఏడో కండె చుట్టేటప్పుడు ఇనుము మోగింది. గట్టు మొదట్లో చెట్టుకు గని నాటి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టారంటే ఎవరో రాలేదని అర్థం, ఇళ్ళలో ఉన్నవాళ్ళంతా బయటికి రావాలి. ఆ సంగతి నాకు చెప్పే ఉన్నారు. అవ్వకు వినపడలేదు. నాకు వినపడింది. ఎవరో రాలేదు కాబోలు, నేను వచ్చేశాను కదా అనుకున్నాను. ఇంకా మూడు కండెలు ఉన్నాయి. చుట్టేశాను. బొరుగులు ఒడిలో పోయించుకున్నాను. ఆ తర్వాతే లేచాను.

వీధిలో ఒక్క మనిషి లేడు. తలుపులన్నీ తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. ఒక ఇంట్లో పొయ్యి మీద ఎసరు పొంగి మంట మీద పడుతోంది. నాకు భయం వేసింది. గట్టు వైపు నడిచాను.

ఊరంతా ఎడమవైపు గుంత చుట్టూ ఉంది. వయసు మగవాళ్ళు పొరుగూరి పనులకు పోయి ఇంకా రాలేదు. ఉన్న నలుగురైదుగురూ, ఆడవాళ్ళూ కలిసి ఒక మోకు పట్టుకుని ఉన్నారు. మోకు రెండో కొస నీళ్ళలో ఉంది. మా పెద్దమ్మ ఆ తెల్ల పొడిలో చతికిలబడి ఉంది. ఏడవడం లేదు. అరచేతులతో తొడల మీద కొట్టుకుంటూ, "మా సెల్లెలికి నేనేమి సెప్పల్ల, నేనేమి సెప్పల్ల," అని అదే మాట అంటోంది. నీళ్ళు తెచ్చిన ఆడవాళ్ళలో ఒకామె, "మా యెనకాలే వచ్చినట్ల ఉండాది, అడుగుల సప్పుడు ఇన్నట్లే ఉండాది," అంటే, "బిళ్ళ ఉండాది కదమ్మా, బిళ్ళ అబద్ధం ఆడతాదా," అని ఎవరో గట్టిగా అన్నారు.

అప్పుడు నాకు అర్థమయింది. వాళ్ళు వెతుకుతున్నది నన్నే. పక్కనే పాత రాళ్ళ కుప్ప ఉంటే దాని వెనక ఒదిగాను.

నీళ్ళు కదిలి బిళ్ళల తాత తల పైకి వచ్చింది. నడుముకు మోకు. జుట్టు ముఖానికి అంటుకుని ఉంది. గట్టు పట్టుకుని దగ్గుతుంటే ఆ దగ్గు గుంత గోడలకు తగిలి రెండింతలై వినిపించింది. పైనుంచి ఒకాయన, "సాలు తాతా, ఇంగ రా. వయసు పిల్లోళ్ళు వస్తాండారు," అన్నాడు.

"వాళ్ళకు లోపల మెట్లు యాడుండాయో ఏం తెలుసప్పా. ఇంగొక మెట్టు ఉండాది. ఆడ సూడలేదు."

ఆ మాట అని ఆయన ఊపిరి తీసుకుంటూ ఉన్నాడు. ఒక ఊపిరి, రెండు, మూడు. అంత సమయం నాకు దొరికింది. నేను ఇక్కడ ఉన్నాను అంటే చాలు. నోరు తెరవలేదు. నేను ఆలోచిస్తున్నది ఆయన గురించి కాదు. ఇంతమందిలో నాకు పడబోయే దెబ్బల గురించి. కాసేపయితే అందరూ ఇళ్ళకు పోతారు, మెల్లగా ఇంట్లో దూరి పడుకుందాం అని కూడా అనుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు అంత దూరం ఆలోచన వచ్చింది.

ఆయన మళ్ళీ మునిగాడు.

మోకు సన్నగా జారుతూ పోయి ఒకచోట ఆగింది. నీళ్ళ మీద బుడగలు వచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. మోకు పట్టుకున్న ఒకాయన, "లాగండప్పా," అన్నాడు, అందరూ ఒక్కసారిగా లాగారు. పైకి వచ్చినప్పుడు ఆయన తల ఒక పక్కకు వాలి ఉంది. మనిషిని బండ మీద బోర్లా వేసి వీపు మీద రుద్దుతున్నారు. నా ఒడిలోంచి బొరుగులన్నీ జారిపోయాయి. అప్పుడు పరుగెత్తాను. "నేను ఈడే ఉండా, ఈడే ఉండా," అన్నానట. ఏమన్నానో నాకు గుర్తులేదు. పెద్దమ్మ భుజం పట్టుకుని ఊపడం మాత్రం గుర్తుంది.

పెద్దమ్మ వెంటనే కొట్టలేదు. నా తల, భుజాలు, చేతులు, కాళ్ళు తడిమింది, తెగిన పోగు కోసం పడుగును తడిమినట్టు. ఎక్కడా ఏమీ కాలేదని తెలిశాకే చెంప మీద ఒకటి కొట్టింది. ఇంకో చెయ్యి కూడా లేపింది. బండ మీద నుంచి సన్నగా, "వద్దమ్మా," అని వినిపించింది.

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూస్తున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"వచ్చినావా?"

నేను తల ఊపాను.

"తల ఊపితే నాకేం తెలుస్తాది. నోటితో సెప్పు."

"వచ్చినా తాతా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఇద్దరు పట్టుకుంటే లేచాడు. కొట్టానికి తీసుకుపోతామంటే రానన్నాడు. ఆ తడి గుడ్డలతో, వణుకుతూ, చెక్క దగ్గరికే నడిచి అక్కడ నిలబడ్డాడు. నలభై రెండో నంబరు ఒక్కటే అక్కడ మిగిలి ఉంది. ఎవరూ దాని మీద చెయ్యి వేయలేదు. నేనే పోయి తీశాను. ఆ తర్వాతే ఆయన అక్కడి నుంచి కదిలాడు.

మా పెద్దమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి ఆయన కాళ్ళు మడతపడ్డాయి. అరుగు మీద కూర్చోబెట్టారు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నేసిన గుడ్డలన్నీ ముందురోజే పెద్దనాన్న ఎమ్మిగనూరుకు వేసుకుపోయాడు, ఇంట్లో పొడి గుడ్డ అంటూ చిరుగు బొంతలే. మా పెద్దమ్మ లోపలికి పోయింది. మగ్గం మీద ముప్పాతిక నేసిన పంచె ఉంది. కత్తి తీసుకుని దాన్ని అడ్డంగా కోసేసింది. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. అంచు పూర్తికాని గుడ్డను కొయ్యడం మగ్గాల ఇళ్ళలో ఎవరూ చేయరు. తెగిన పోగుకు ముడి వేయడానికి నిద్ర మానుకునే మనుషులం మేము. అది తీసుకుపోయి తన చేతులతో ఆయన ఒంటికి చుట్టింది, దగ్గరగా కూర్చుని, రొమ్ము మీద రుద్దుతూ. ఎవరో చూసి గొణిగారు కూడా. ఆమె తల తిప్పలేదు.

మరునాడు ఆయనకు జ్వరం. పెద్దమ్మ గంజి చెంబు నా చేతికిచ్చి, "నువ్వే పో. నువ్వే తాపించు," అంది. ఆ పూట నడిచినంత నిదానంగా నేను ఎప్పుడూ నడవలేదు.

కొట్టంలో ఆయన మా పంచె ముక్క కప్పుకుని పడుకుని ఉన్నాడు. గంజి రెండు గుక్కలు తాగాడు. నేను చెప్పాలనుకోలేదు, కానీ నోట్లోంచి వచ్చేసింది. రాళ్ళ కుప్ప వెనక ఉన్నానని, ఆయన రెండోసారి మునగకముందే వచ్చి చూస్తూ ఉన్నానని. చెప్పి, తల వంచుకుని కూర్చున్నాను.

"నాకు తెలుసులే," అన్నాడు. "ఊపిరి తీసుకుంటాంటే రాళ్ళ సందులో ఎర్ర పావడా కనపడె. నాదే బ్రమ అనుకుంటి."

చాలాసేపు దగ్గి, ఆ తర్వాత తన సంగతి చెప్పాడు. గని నడిచే రోజుల్లో, వయసులో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఒంట్లో బాగాలేక మేస్త్రీకి చెప్పకుండా గని నుంచి పైకి వచ్చేశాడట. బిళ్ళ తీస్తే దొంగచాటుగా పోయినట్టు తెలిసిపోతుందని తీయకుండా ఇంటికి వచ్చి పడుకున్నాడు. సాయంత్రం బిళ్ళ మిగిలింది. ఇనుము మోగింది.

"ఇంట్లో ఉండి ఇన్నా పాపా. నిద్రలో లేను. మెలకువగానే ఉండా. పోతే మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడని దుప్పటి ముసుగేసుకున్నా. నా కోసరం ఇద్దరు దిగినారు. తడిసిన గోడ వాళ్ళ మీద పడింది."

నేను గంజి చెంబు కింద పెట్టాను.

"నన్ను ఎవురూ కొట్టలేదు. అందురూ నేను బతికినానని సంతోషపడిరి. దుప్పట్లో మేలుకొని ఉండానని ఎవురికీ తెలీదు కదా. కొట్టింటే బాగుండు." పంచె ముక్క రొమ్ము మీదికి లాక్కుని, "బిళ్ళ మర్సిపోయేది అందురూ మర్సిపోతారు. దాన్ని నేను తప్పనను. ఇనుము మోగినంక ఊరికే ఉండేది సూడు, అదే తప్పు," అన్నాడు.

అప్పుడు నాకొక పని పెట్టాడు. తను లేచి తిరిగేదాకా సాయంత్రం చెక్క నేనే చూడాలి. "సదువుకున్న దానివి, నంబర్లు సదువుతావు కదా," అన్నాడు, నవ్వినట్టే.

నాలుగు సాయంత్రాలు చూశాను. ఏటి నుంచి వచ్చే ఆడవాళ్ళు నన్ను చూసి, "ఏమమ్మా మేస్త్రీ, మా బిళ్ళలు తీసుకోవచ్చునా?" అని ఎకసెక్కాలు ఆడారు. పడ్డాను. మూడు రోజులు చెక్క ఖాళీగానే ఉంది. నాలుగో రోజు ఒక బిళ్ళ మిగిలింది, పదకొండు. ఎవరిదో నాకు తెలుసు, చెలమ దగ్గర నేను ఉప్పు కూడా కొలుస్తానని నవ్విన ఆమెది. గట్టు మీద ఎవరూ కనిపించలేదు. పొద్దు ఏటి అవతలికి దిగిపోయింది. గుంతలో నీళ్ళు నల్లబడుతున్నాయి. పిలిచాను. పలుకు లేదు.

ఇనుప కడ్డీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కొడితే ఊరంతా వస్తుంది. ఆమె వెనకాలే నిదానంగా వస్తూ ఉంటే అందరి ముందు నేను వెర్రిదాన్ని అవుతాను, మొన్న ఊరిని ఏడిపించిన పిల్లే ఈరోజూ ఏడిపించిందంటారు. కొట్టకపోతే? ఆ నీళ్ళకేసి చూశాను. మొన్న సాయంత్రం ఆయన ఈ చెక్క ముందు నిలబడి, నా నంబరు చూసి, ఇలాగే ఉండి ఉంటాడు. నేనేమో ఏడో కండె చుట్టుకుంటూ ఉన్నాను.

కొట్టాను. రెండు చేతులతో పట్టుకుని, భుజాలు నొచ్చేదాకా కొట్టాను. జనం ఉరుకుతూ వచ్చారు. నలుగురు గట్టు మీద సగం దూరం పోయేసరికి ఎదురుగా ఆమె కుంటుకుంటూ వస్తోంది. కాలిలో ముల్లు దిగి ఇసుకలోనే కూర్చుండిపోయిందట. "యాల తల్లీ ఊరినంతా లేపినావు, నేను సస్తినా ఏమి?" అని నన్నే తిట్టింది. అందరూ నవ్వారు. పెద్దనాన్న తల కొట్టుకున్నాడు. నేను మాత్రం ఆమె చెయ్యి చెక్క దాకా పోయి పదకొండో నంబరు తీసేవరకు అక్కడి నుంచి కదల్లేదు.

ఆ సాయంత్రం గంజి తీసుకుపోతే తాత కొట్టం గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. లేవడం అదే మొదలు. "ఈడికి ఇనపడింది. బాగా కొట్టినావు," అన్నాడు. అంతే. మరునాటి నుంచి ఆయనే కట్టె పోటేసుకుంటూ చెక్క దగ్గరికి పోయాడు.

ఆ తర్వాత రెండేళ్ళకే ఆయన పోయాడని కబురు వచ్చింది. అది ఆ పాత దగ్గేనని, గుంతలో దిగినందుకు కాదని మా పెద్దమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నాకు ఊరట కోసం చెప్పిందో, నిజమే చెప్పిందో తెలియదు. నేనెప్పుడూ ఎదురు అడగలేదు. ఆమె చెప్పినప్పుడల్లా విన్నాను.

పోయినేడు నా మనవరాలితో మంత్రాలయం పోయినప్పుడు ఆటో మాట్లాడుకుని ఆ ఊరు చూసి వచ్చాను. గుంతల్లోంచి మోటార్లతో నీళ్ళు తోడి వరి పెట్టారు. ఇళ్ళ ముందు కొళాయిలు ఉన్నాయి, ఏటికి పోయే పని ఎవరికీ లేదు. చెక్క ఏమయిందని అడిగితే ఏ చెక్క అన్నారు. పెద్దమ్మ ఇంటి జాడ కూడా దొరకలేదు. నేల మాత్రం తెల్లగానే ఉంది. మా మనవరాలు చెప్పులు దులుపుకుంటూ, "ఇంత దుమ్మా అవ్వా," అంది.

నేను గట్టిదాన్ననీ, పిసినారిననీ మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. దీపం ఊరికే వెలిగితే ఊరుకోను, మెతుకు పారేస్తే ఊరుకోను, పోగు వృథా చేస్తే కోడలినైనా కొడుకునైనా నిలబెట్టి అడుగుతాను. కానీ తప్పు చేసినవాళ్ళు తమంతట తాము వచ్చి, 'అమ్మా, ఇట్ల చేసినా' అని చెప్పారంటే ఆ తర్వాత ఒక్క మాట అనను. మా పెద్దకొడుకు ఒకసారి ఆదోని నుంచి వస్తూ నూలు మూట బస్సులో మరిచి దిగిపోయాడు. ఆ నెల మగ్గం ఆడాల్సిన నూలంతా అందులోనే ఉంది. వాడు గడపలో నిలబడి, చెప్పులైనా విడవకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. నా గుండె జారిపోయిన మాట నిజం. లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకొచ్చాను. వాడు తినేదాకా ఎదురుగా కూర్చున్నాను. మూట సంగతి ఆ తర్వాత మాట్లాడుకున్నాం.

నాకు చేతనయిందల్లా అంతే. నా ఇంట్లో పుట్టిన పిల్లలెవరూ దెబ్బలకు భయపడి రాళ్ళ వెనక నక్కకూడదు.